గంతు కంటే ముందు దిగడం: కదలిక తగ్గిన కాళ్లకు 12 వారాల గంతుల సాధన

ఉదయం నడకకు వచ్చేవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: "వయసు నలభై దాటింది, పదేళ్లుగా కుర్చీకే అతుక్కుపోయాను. గంతులు వేస్తే కాళ్లకు బలం వస్తుందంటున్నారు, వేయవచ్చా?"

వేయవచ్చు. అయితే ఫోనులో ఎవరో ఎగురుతుంటే చూసి, మొదటి రోజే యాభై గంతులు వేసి, వారం తిరగకుండానే మడమ పట్టుకుని కుంటినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో మొదటివాణ్ణి నేనే. కొన్నేళ్ల క్రితం ఇంటి వరండాలో, నున్నటి గ్రానైట్ గచ్చు మీద, ఒట్టి కాళ్లతో తాడాట మొదలుపెట్టాను. నాలుగో రోజు పొద్దున మంచం దిగి పాదం మోపలేకపోయాను. మళ్లీ మామూలుగా మెట్లెక్కడానికి నెలన్నర పట్టింది.

అప్పుడు తెలిసింది రెండు సంగతులు. కండ కొన్ని వారాల్లోనే బలపడుతుంది కానీ, దాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు గట్టిపడటానికి నెలలు కావాలి. రెండోది, గంతులో దెబ్బ ఎక్కువగా తగిలేది లేచేటప్పుడు కాదు, దిగేటప్పుడు. చిన్న గంతుకే నేలను తాకే క్షణంలో కాళ్ల మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. అందుకే కింది క్రమంలో మూడు వారాల వరకు గంతు అన్నదే లేదు. ఆ తరువాత కూడా మొదట నేర్చుకునేది దిగడమే.

1. ముందు ఎవరు ఆగాలి

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా, ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు వైద్యుడిని కలవండి.

- అదుపులో లేని రక్తపోటు, గుండె జబ్బు, నడిస్తేనే ఛాతీలో బరువు
- మోకాలిలో వాపు, లేదా మోకాలు ఉన్నట్టుండి పట్టు తప్పడం
- గత ఏడాదిలో కాలికి, నడుముకు శస్త్రచికిత్స లేదా ఎముక విరగడం
- ఎముకలు గుల్లబారాయని ఇదివరకే చెప్పి ఉండటం
- మధుమేహంతో పాదాల్లో తిమ్మిరి, మానని పుండు
- గర్భం, లేదా కాన్పు అయి ఆరు నెలలు దాటకపోవడం

మన నెల్లూరు, ప్రకాశం వైపు వాళ్లకు ముఖ్యంగా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవారిలో కీళ్లు బిగుసుకుపోవడం, నడుము, మెడ వంగకపోవడం కనిపిస్తుంది. ఆ ఎముక చూడటానికి గట్టిగా ఉన్నా పెళుసుబారి ఉండవచ్చు. అటువైపు పెరిగినవాళ్లు, పొద్దున లేవగానే ఒళ్లు కట్టెలా బిగుసుకునేవాళ్లు, ఎముకల వైద్యుడికి చూపించుకోకుండా గంతుల జోలికి వెళ్లవద్దు.

2. ఇంట్లోనే చేసుకునే నాలుగు పరీక్షలు

నాలుగూ ఒకే రోజు చేయండి. ఫలితం కాగితం మీద రాసి పెట్టుకోండి, మూడు వారాల తరువాత మళ్లీ కావాలి.

*కుర్చీ పరీక్ష.* చేతులు లేని, గట్టి కుర్చీని గోడకు ఆనించండి. చేతులు రొమ్ము మీద అడ్డంగా కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 15 సార్లయినా రావాలి.

*ఒంటికాలు.* గోడ పక్కన, కళ్లు తెరిచి, ఒక్కో కాలి మీద 20 సెకన్లు నిలబడాలి. రెండు కాళ్లకూ మధ్య తేడా ఎక్కువగా ఉంటే ఆ బలహీనమైన కాలే ముందు దెబ్బతింటుంది.

*మడమ ఎత్తడం.* గోడకు వేళ్లు తాకించి, ఒంటికాలి మీద మడమను పూర్తిగా పైకెత్తి దించాలి. ఒక్కో కాలికి 10.

*మెట్టు దిగడం.* అన్నిటికంటే కింది మెట్టు మీద నిలబడి ఒక కాలితో నిదానంగా నేలకు దిగండి. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి ఫోనులో వీడియో తీయించండి. మెట్టు మీద ఉన్న కాలి మోకాలు బొటనవేలి వైపు, లోపలికి వాలిపోతోందా? చాలామందికి వాలుతుంది. భయపడనక్కర్లేదు, కానీ అది సరి కాకుండా గంతు లేదు.

నాలుగూ దాటినా మూడు వారాల తయారీ తప్పదు. దాటకపోతే ఆ తయారీయే ఆరు వారాలు చేయండి. తొందర ఎవరికి?

3. చోటు, పాదరక్షలు, వేళ

గ్రానైట్ గనుల చీమకుర్తి పక్కనే ఉన్నందుకు మన ఇళ్లలో గుమ్మం నుంచి వంటగది దాకా గ్రానైటే. గంతులకు దానంత చెడ్డ నేల లేదు. గట్టిగా ఉండి దెబ్బను మింగదు, చెమట చుక్క పడితే జారుతుంది. డాబా సిమెంటు జారదు కానీ గట్టిదే. ఇంట్లో తప్పనిసరైతే మందపాటి రబ్బరు చాపను కదలకుండా పరిచి దాని మీద చేయండి. పరుపు మీదా, దుప్పటి మడత మీదా వద్దు, చీలమండ మడత పడుతుంది.

మంచి నేల అంటే చదునుగా, కాస్త మెత్తగా ఉన్న మట్టి లేదా పొట్టి గడ్డి. నెల్లూరులో ఉన్నవాళ్లకు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం వైపు నడక అలవాటే. పల్లెల్లో అయితే బడి ఆటస్థలం చాలు. దిగే చోట గుంటలు, పల్లేరుకాయలు, తుమ్మముళ్లు ఉన్నాయేమో ఒకసారి నడిచి చూసుకోండి. మంచు పడే నెలల్లో గడ్డి ఆరేదాకా ఆగండి.

మైపాడు, కొత్తపట్నం తీరాల సంగతి చాలామంది అడుగుతారు. "ఇసుక మెత్తగా ఉంటుంది కదా?" ఉంటుంది, అదే ఇబ్బంది. పొడి ఇసుకలో పాదం పక్కకు తిరుగుతుంది, మడమ లోతుకు దిగి పిక్క మీద లాగుడు పెరుగుతుంది. తడి ఇసుక గట్టిగా ఉన్నా సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. తీరంలో నడవండి, గంతులు ఊళ్లో వేసుకోండి.

హవాయి చెప్పులు, అరిగిన బూట్లు పనికిరావు. తాళ్లు కట్టుకునే, మడమను పట్టి ఉంచే ఆటల బూట్లు కావాలి. మధుమేహం ఉన్నవాళ్లు ఒట్టి కాళ్లతో అసలు చేయకూడదు.

వేసవిలో ఏడు గంటలకల్లా ముగించాలి. రోహిణి కార్తెలో సాయంత్రం ఆరైనా నేల సెగ కక్కుతూనే ఉంటుంది, ఆ రెండు వారాలూ ఉదయమే నయం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అసలు వానలు. నేల బురదగా ఉన్న రోజు గంతులు మానేసి ఇంట్లో గుంజీళ్లు తీయండి. భోజనం చేసి రెండు గంటలైనా కావాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం పరగడుపున మొదలుపెట్టవద్దు.

4. మొదటి మూడు వారాలు: గంతు లేని పని

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. ముందు పది నిమిషాలు చురుగ్గా నడిచి ఒళ్లు వెచ్చబరుచుకోండి.

- గుంజీళ్లు: 10 చొప్పున 3 దఫాలు. వినాయకుడి ముందు తీసేంత వేగంగా కాదు. దిగడానికి మూడు అంకెలు లెక్కపెట్టాలి, లేవడానికి ఒకటి. మొదట్లో కుర్చీని తాకి లేస్తే చాలు.
- మడమ ఎత్తడం: రెండు కాళ్లతో 15 చొప్పున 3 దఫాలు. మూడో వారానికి ఒంటికాలితో 8.
- మెట్టు ఎక్కి దిగడం: ఒక్కో కాలికి 8 చొప్పున 2 దఫాలు. దిగేటప్పుడు నిదానం.
- పడుకుని నడుము లేపడం: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిరుదులు బిగించి పైకెత్తడం. 12 చొప్పున 2 దఫాలు.

మోకాలు లోపలికి వాలేవాళ్లు గుంజీళ్లు తీసేటప్పుడు మోకాళ్లకు కాస్త పైన చున్నీనో తువ్వాలునో వదులుగా కట్టి, దాన్ని రెండు మోకాళ్లతో బయటికి తోస్తూ కూర్చోండి. తుంటి పక్క కండ పనిచేయడం మొదలవుతుంది. గుంజీళ్లకు మాత్రమే ఇది. కట్టుకుని ఎగరకూడదు.

మూడు వారాలయ్యాక నాలుగు పరీక్షలూ మళ్లీ చేయండి. అన్నీ దాటితేనే ముందుకు.

5. దిగడం నేర్చుకోవడం (4, 5 వారాలు)

అందరూ వదిలేసేది ఈ భాగాన్నే. "ఇందులో ఏముంది, నేలకు దిగడమే కదా" అంటారు. మనకు దిగడం రాదు. చిన్నప్పుడు వచ్చేది. అరుగు మీద నుంచి దూకి పరుగెత్తిన కాళ్లే ఇవి. కుర్చీలో ఇరవై ఏళ్లు గడిపేసరికి ఆ నేర్పు పోయింది.

*మొదటి మెట్టు: కూర్చోబోయి ఆగడం.* పాదాలు తుంటి వెడల్పున పెట్టి, మునివేళ్ల మీద లేచి, చేతులు పైకెత్తండి. అక్కడి నుంచి ఒక్కసారిగా చేతులు వెనక్కి విసురుతూ కిందికి దిగి ఆగిపోండి. చిన్న పీట మీద కూర్చోబోతుంటే "అది విరిగిన పీట" అని ఎవరో కేకేసినట్లు, సగంలో ఆగాలి. అలాగే మూడు సెకన్లు దిష్టిబొమ్మలా కదలకుండా ఉండాలి.

ఆ మూడు సెకన్లలో చూసుకోవలసినవి:

- పిరుదులు వెనక్కి వెళ్లాయా?
- మోకాలి చిప్ప రెండో కాలివేలి వరుసలో ఉందా?
- మడమలు నేలను తాకి ఉన్నాయా?
- రెండు కాళ్ల మీదా బరువు సమానంగా ఉందా?
- ఊపిరి బిగబట్టారా? బిగబడితే రక్తపోటు పెరుగుతుంది, వదిలేయండి.

5 చొప్పున 4 దఫాలు. దఫాకూ దఫాకూ మధ్య నిమిషం పైన విశ్రాంతి. అలసటకు కాదు ఈ విశ్రాంతి, తరువాతి అయిదు కూడా అంతే శుభ్రంగా రావడానికి.

*రెండో మెట్టు: బెత్తెడు ఎత్తు నుంచి.* కదలని, బెత్తెడు ఎత్తున్న గట్టు చాలు. ఇటుకల మీద ఇటుకలు పేర్చవద్దు, ప్లాస్టిక్ స్టూలు మాట ఎత్తవద్దు. గట్టు మీద నుంచి ఎగరకండి. ఒక కాలు ముందుకు చాపి, గట్టు వదిలేసి, రెండు కాళ్లతో ఒకేసారి నేలకు దిగండి. ముందు మునికాలు, ఆ వెంటనే మడమ, తరువాత చీలమండ, మోకాలు, తుంటి వరుసగా మడవాలి. ముందు చాపే కాలిని ప్రతిసారీ మార్చండి.

చప్పుడు వినండి. దీనికంటే మంచి శిక్షకుడు లేడు. "ధబ్" అని వినబడితే దెబ్బను ఎముక మింగింది, మెత్తగా "తప్" అంటే కండ మింగింది. మేడ మీద చేసేవాళ్లకు కింది వాటావాళ్లు ఈ సహాయం ఉచితంగా చేస్తారు.

నాలుగో వారంలో రోజుకు 20 సార్లు, అయిదో వారంలో 30. వారానికి రెండు రోజులే, సోమవారం, గురువారం అనుకోండి. మిగతా రోజుల్లో నడక. గుంజీళ్లు, మడమ ఎత్తడం మానవద్దు. గంతుల రోజున అవి చివర చేయండి. అలసిన కాళ్లతో ఎగిరితే మోకాలు వాలుతుంది.

6. గంతుల క్రమం (6 నుంచి 12 వారాలు)

లెక్క నేలను తాకిన ప్రతిసారికీ ఒకటి. నిమిషాల్లో కొలవకండి. తాడాటలో ఒక్క నిమిషానికే వంద దాటుతాయి. తాడాట తేలిక అనుకుని దానితోనే మొదలుపెట్టేవాళ్లు, నాలాగే, అక్కడే బోల్తాపడతారు.

6, 7 వారాలు: ఉన్నచోటే గంతు. పీట మీద కూర్చోబోయి, అక్కడి నుంచి పైకి లేచి, నేలకూ పాదానికీ మధ్య నాలుగు వేళ్ల సందు వచ్చేలా ఎగరండి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. దిగి మూడు సెకన్లు ఆగాలి. 5 చొప్పున 6 దఫాలు, ఏడో వారానికి 8 దఫాలు. ఎత్తు పెంచాలని మనసు లాగుతుంది. పెంచకండి.

8, 9 వారాలు: మెట్టు మీదికి, ముందుకు. కింది మెట్టు మీదికి రెండు కాళ్లతో ఎగిరి ఆగి, నడిచి దిగండి. పైకి ఎగిరినప్పుడు కాలు పడే దూరం తక్కువ, కాబట్టి దెబ్బ కూడా తక్కువే. దూకి దిగితే ఆ లాభమంతా పోతుంది. పాదం మొత్తం పట్టేంత లోతైన, జారని మెట్టు కావాలి. జానెడు మించిన ఎత్తు వద్దు. ఇవి 20.

ఆ తరువాత ముందుకు, మీ పాదం పొడవంత దూరం మాత్రమే, ఎగిరి ఆగడం 20. తొమ్మిదో వారంలో పక్కలకు ఎగరడం 10 కలపండి. మొత్తం 50.

10 నుంచి 12 వారాలు: ఆగకుండా చిన్న గంతులు. ఇంతవరకు ప్రతి గంతుకూ ఆగాం. ఇప్పుడు నేలను తాకిన వెంటనే లేవాలి. మోకాళ్లు కొద్దిగానే వంచి, మడమలు నేలను తాకీ తాకనట్లు, బంతిలా 10 గంతులు. అప్పుడు ఒక నిమిషం నడక. పదో వారంలో ఇవి రెండు దఫాలు, పన్నెండో వారానికి నాలుగు. పాతవి 30 చేస్తూ ఇవి కలిపితే 50 నుంచి 70 దాకా వస్తుంది. తాడు పట్టుకోవాలని ఉంటే ఇప్పుడు పట్టుకోండి, 10 సెకన్ల చొప్పున. తాడు గంతులూ ఈ 70 లోపలే.

ఒంటికాలి కుంటుడు, తొక్కుడుబిళ్ల తరహా గంతులు ఈ పన్నెండు వారాల్లో లేవు. కాళ్ల బలం కోసమే అయితే చాలామందికి వాటి అవసరమూ లేదు.

ఒక వారంలో ఎత్తు పెంచితే సంఖ్య పెంచవద్దు, సంఖ్య పెంచితే ఎత్తు పెంచవద్దు.

7. తరచూ చేసే తప్పులు, సవరణలు

*మోకాళ్లు లోపలికి ముడుచుకోవడం.* ఎత్తు సగానికి తగ్గించండి. అయినా వాలితే రెండు వారాల పాటు పైన 4లో చెప్పిన గంతు లేని పనికి వెళ్లండి. "నేలను రెండు పాదాలతో చీల్చుతున్నాను" అనుకుంటూ దిగితే కొందరికి వెంటనే సరవుతుంది.

*నిలువు కాళ్లతో దిగడం.* మోకాలు మడవకపోతే దెబ్బ నేరుగా నడుముకు ఎక్కుతుంది. గంతు వేసిన సాయంత్రం నడుము పట్టేసిందంటే కారణం తరచుగా ఇదే.

*మడమ మీద పడటం.* బరువు వెనక్కి ఉందన్నమాట. చేతులు ముందుకు తెచ్చి దిగండి.

*ముందుకు తూలడం.* చూపు కాళ్ల మీద ఉంటే తూలుతారు. పది అడుగుల దూరంలో నేలను చూడండి.

*రోజూ చేయడం.* ఉత్సాహవంతుల జబ్బు. రెండు గంతుల రోజుల మధ్య 48 గంటలైనా ఉండాలి.

*ఎగిరేటప్పుడు మూత్రం చుక్కలు పడటం.* కాన్పులైన స్త్రీలలో మామూలుగా కనిపించేదే, సిగ్గుపడి సాధన మానేయవలసింది కాదు. ముందే మూత్రానికి వెళ్లి రండి, కూర్చోబోయి ఆగే మెట్టుకు తగ్గండి. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను రోజూ బిగించి వదిలే సాధన చేయండి. రెండు నెలలైనా తగ్గకపోతే స్త్రీల వైద్యురాలికి చెప్పండి.

8. నొప్పి లెక్క

సున్నా నుంచి పది దాకా కొలత వేసుకోండి. చేసేటప్పుడు మూడు లోపు ఉండి, మర్నాటి పొద్దునకు పోతే సరే. తొడలు, పిక్కలు రెండు రోజులు బరువుగా ఉండటం కండ నొప్పి, దానికి నడకే మందు.

అసలైన కొలత మర్నాడు మంచం దిగిన మొదటి పది అడుగుల్లో ఉంది. మడమ వెనకో, మోకాలి చిప్ప కిందో నిన్నటికంటే ఎక్కువగా పట్టేసి ఉంటే తరువాతి రోజు సంఖ్య సగం చేయండి. రెండుసార్లు అలాగే జరిగితే గంతులు ఆపి, రెండు వారాలు మడమ ఎత్తడం, గుంజీళ్లు మాత్రమే నిదానంగా చేయండి. పూర్తిగా మంచం ఎక్కితే స్నాయువు ఇంకా బలహీనమవుతుంది.

వెంటనే ఆపి వైద్యుడి దగ్గరకు వెళ్లవలసినవి:

- ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం, చెమటలు పట్టడం
- మోకాలు వాయడం, లేదా మడత దగ్గర ఇరుక్కుపోవడం
- కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కితే ఒక్క చోటే సూదిలా గుచ్చడం
- మడమ వెనక ఎవరో రాయితో కొట్టినట్లు అనిపించి, ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోవడం. ఇది స్నాయువు తెగిన గుర్తు కావచ్చు, ఆ రోజే చూపించాలి

9. గంతుల రోజున మొదలుపెట్టే ముందు

- రాత్రి నిద్ర సరిగా పట్టిందా? జ్వరం, విరేచనాలు లేవు కదా?
- ఇవాళ ఏ కాలైనా నొప్పిగా ఉందా?
- పది నిమిషాల నడక, పది గుంజీళ్లు, పది మడమ ఎత్తడాలు అయ్యాయా?
- నేల పొడిగా ఉందా, తాళ్లు బిగించారా?
- ఇవాళ్టి సంఖ్య ఎంతో కాగితం మీద రాశారా?

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, రాసుకోనివాళ్లు బాగున్న రోజు ఇరవై ఎక్కువ వేసేస్తారు.

10. మధ్యలో ఆగిపోతే

పెళ్లిళ్లు, జ్వరాలు, సంక్రాంతి ప్రయాణాలు వస్తూనే ఉంటాయి. ఒక వారం పోతే ఆగిన వారాన్నే మళ్లీ చేయండి. రెండు, మూడు వారాలు పోతే రెండు వారాలు వెనక్కి. నెల దాటితే నాలుగో వారానికి, అంటే కూర్చోబోయి ఆగడానికి. రెండు నెలలు దాటితే కుర్చీ పరీక్షతో మొదలు.

పన్నెండు వారాలూ పూర్తయినవాళ్లు సంఖ్యను 70 దగ్గరే ఉంచి, వారానికి రెండు రోజులు కొనసాగిస్తే చాలు. కుర్చీ పరీక్ష మళ్లీ చేసి, మొదటి రోజు రాసుకున్న అంకె పక్కన కొత్త అంకె రాయండి.